మూడు హెడ్‌సెట్లు

"ఎడమ చెవి ఎప్పటి నుంచి మందగించింది?" అని డాక్టరు అడిగితే ఆరు నెలలన్నాను. స్కానింగులో వినికిడి నరం మీద చిక్కుడు గింజంత గడ్డ కనిపించింది. ముఖాన్ని కదిలించే నరం దాన్ని ఆనుకునే పోతుందట. అరుదైన గడ్డేగానీ క్యాన్సర్ కాదన్నారు. వినికిడి ఎన్నాళ్లుగా తగ్గుతోందో సరిగ్గా గుర్తు చేసుకుని రమ్మన్నారు.

రైల్లో ఒళ్లు తూలుతుంటే కడ్డీ పట్టుకుని నిలబడి, మా స్టేషన్ బిషాన్‌లో దిగి, ఇంటికొచ్చి సోఫాలో కూలబడి డాక్టరుతో జరిగిందంతా చెప్పాను.

"ఆరు నెలలేంటండీ? హెడ్‌సెట్ బాలేదని ఆఫీసువాళ్లతో ఎప్పట్నుంచి గొడవ పడుతున్నారు?" అంది మా ఆవిడ.

లాప్‌టాప్ తెరిచి, ఆఫీసు హెల్ప్‌డెస్కుకి పెట్టిన పాత ఫిర్యాదులు వెతికాను. ఎడమవైపు సౌండ్ రావడం లేదని మూడేళ్లలో మూడుసార్లు రాశాను. రెండుసార్లు మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఆ హెడ్‌సెట్‌ని ఒక్కసారి అటుదిటు తిప్పి పెట్టుకుని చూద్దామని మాత్రం తోచి చావలేదు.

డాక్టరు కోసం తేదీలు కాగితం మీద రాసుకున్నాను. మూడో ఫిర్యాదు నిరుటిది. దాని కింద హెల్ప్‌డెస్కులో పనిచేసే ఒకావిడ జవాబు ఉంది: "మీ హెడ్‌సెట్ పెట్టుకుని చూశాను, రెండువైపులా బాగానే వినిపిస్తోంది సర్. కొత్తది పంపిస్తాను. ఒకసారి చెవి కూడా చూపించుకోండి."

దాని కింద, ఆవిడ మేనేజరుకి కూడా కాపీ పెట్టి, నేను రాసింది ఉంది: "మీ పని మీరు చూసుకోండి."