ఆరుకూ ఎనిమిదికీ మధ్య

నా చిన్నప్పుడు నాకంటూ ఒక అంకె ఉండేది. ఏడు. మా బడిలో గైడ్స్ దళం ఉండేది. శనివారం సాయంత్రం మైదానంలో అమ్మాయిలమంతా వరసగా నిలబడేవాళ్లం. ఈల మోగగానే ఒకరి తర్వాత ఒకరు తమ అంకె గట్టిగా చెప్పాలి. ఆరు చెప్పిన పిల్ల నోరు మూయకముందే నేను ఏడు అనేదాన్ని. తరగతిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని నాకు ఆ ఒక్క మాట ఎంత ఇష్టమో చెప్పలేను.

వరస చివర నలుగురు ఆడవాళ్లు కూడా నిలబడేవారు. ఒకప్పుడు అదే దళంలో పెరిగి, పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినా శనివారం మాత్రం వదలనివాళ్లు. చీర మీదే మెడకు స్కార్ఫు కట్టుకునేవారు. మాకు ముళ్లు వేయడం, గాయానికి కట్టు కట్టడం నేర్పింది వాళ్లే. మేము వాళ్లను ‘పాత లైను’ అనేవాళ్లం. విని నవ్వి ఊరుకునేవారు. అందులో ఒకరు మా పక్కింటి అక్క. రైల్వే ఆఫీసు నుంచి నేరుగా, టిఫిను డబ్బా చేతిలో ఉండగానే వచ్చేది.

నేను ఎనిమిదో తరగతి సగంలో ఉండగా అమ్మ మంచం పట్టింది. నాన్న తెల్లవారకముందే బోయిన్‌పల్లి వెళ్లి కూరగాయలు తెచ్చి, చిలకలగూడలో బండి మీద అమ్మేవాడు. ఇంటిపని, చంకలో తమ్ముడు, సాయంత్రాలు కాసేపు బండి నా వంతుకొచ్చాయి. బడి ఆగింది. ఆగినందుకు ఏడవలేదు, ఆ తీరికా లేదు. ఒక్క బెంగ మాత్రం ఉండేది. వరసలోంచి ఒకరు పోతే మిగిలినవాళ్లు దగ్గరకు జరుగుతారు. ఎనిమిది ఏడవుతుంది, తొమ్మిది ఎనిమిదవుతుంది. నేను నిలబడ్డ చోటు ఖాళీగా కూడా మిగలదు. లెక్క అంతే కదా అనుకునేదాన్ని.

ఒక శనివారం అమ్మకు మందు తీసుకుని, తమ్ముణ్ని ఎత్తుకుని బడి ప్రహరీ పక్కనుంచి వస్తున్నాను. ఈల వినబడింది. కాళ్లు ఆగిపోయాయి. ఒకటి, రెండు, మూడు... ఆరు వచ్చింది. నా మాట ఇంకొక పిల్ల నోట వినబోతున్నానని కళ్లు మూసుకున్నాను.

“ఏడు” అంది ఒక పెద్ద గొంతు.

గోడ పక్కన రాయి ఎక్కి చూశాను. ఆరుకూ ఎనిమిదికీ మధ్య, రెండు జడల పిల్లల నడుమ, ఆఫీసు చీరతో పక్కింటి అక్క నిలబడి ఉంది. అటూ ఇటూ పిల్లలు పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటున్నారు. లెక్క పాత లైను దాకా చేరేలోపు అక్క గబగబా అక్కడికి వెళ్లి తన సొంత అంకె కూడా చెప్పింది. అప్పుడే నన్ను చూసింది.

“ఏందే, గోడకాడ నిలబడ్డవ్? లోపలికి రా.”

గేటు దాకా వెళ్లి, నేను బడి మానేశానని అక్కణ్నుంచే చెప్పాను. అక్క వచ్చి నా చంకలోని తమ్ముణ్ని అందుకుంది.

“బడి మానేసినవ్, సరే. ఏడు సుత మానేసినవా? అది నీదేనే. నువ్వొచ్చేదాంక జెర నేను పట్టుకున్న, గంతే.”

దళం నడిపే టీచరు ఏమంటుందోనని భయంగా చూశాను. ఆమె ఈల నోట్లో పెట్టుకుని, నేను వరసలోకి వచ్చేదాకా ఆగింది.

మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. నా వంతు వచ్చేసరికి పక్క పిల్లల మొహాలే చూస్తూ ఉండిపోయాను. ఎనిమిది చెప్పాల్సిన పిల్ల నా కోసం ఆగింది. ఎవరూ నన్ను దాటి పోలేదు. చివరికి అంకె బయటికి వచ్చింది, దానితోపాటే కన్నీళ్లూ వచ్చాయి. పాత లైనులోని లావుపాటి ఆంటీ అక్కణ్నుంచే అంది: “ఏడు చెప్పమన్నరు గని, ఏడ్వమన్నరా బిడ్డా?” వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వీలైన శనివారాలు నేను వెళ్లాను. వీలుకానప్పుడు అక్క చెప్పేది. ఎవరు రాకపోయినా వరసను దగ్గరకు జరపకుండా తమలో ఒకరు వెళ్లి నిలబడడం పాత లైనువాళ్లు తమకు తాము పెట్టుకున్న పద్ధతట. బడికి మాత్రం నేను మళ్లీ వెళ్లలేదు. లెక్కలు నాన్న బండి దగ్గర నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు మార్కెట్లో వ్యాపారులు నా నోటిలెక్కను నమ్ముతారు. కానీ ఒకరు రాకపోతే ఒకరు తగ్గినట్టేనన్న లెక్కను ఆ రోజే వదిలేశాను.

ఇప్పుడు శనివారాలు నేనూ పాత లైనులో నిలబడతాను. అక్కకు మోకాళ్లు సహకరించవు. పక్కనే కుర్చీలో కూర్చుని తన అంకె తాను చెబుతుంది. ఈ మధ్య పదకొండు రావడం లేదు. ఇంట్లో ఏదో తక్లీఫ్ అని తోటి పిల్లలు చెప్పారు. పదికీ పన్నెండుకీ మధ్య నేను నిలబడుతున్నాను. నా నెరిసిన తల చూసి పిల్లలు పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటారు. పదకొండు అని గోడ అవతలికి వినబడేలా చెబుతాను. చెప్పి, ఒకసారి గోడ వైపు చూస్తాను.