ఫీజు వద్దన్న సలహాదారు

ఈ రోజు మా చెల్లెలిని వెంటబెట్టుకొని కర్నూలులో ఒక ఆర్థిక సలహాదారు దగ్గరికి వెళ్ళాను. పోయినేడు ఈయనే రెండువేలు ఫీజు అడిగితే, "మాట చెప్పేదానికి దుడ్లేందప్పా?" అని బేరమాడి, తగ్గించలేదని లేచి వచ్చింది నేనే. ఊరికే సలహా ఇస్తానన్న దూరపు బంధువును పిలిచి, చెల్లెలు బనగానపల్లె మామిడితోట అమ్మిన సొమ్మంతా డిపాజిట్ చేయించిందీ నేనే.

సలహాదారు ఆ డిపాజిట్ కాగితాలు రెండుసార్లు చదివాడు.

"ఇది డిపాజిట్ కాదమ్మా, ఇన్సూరెన్సు పాలసీ. ఏటా ఇంతే కట్టాల. ఇంక కట్టకపోయినా, ఇప్పుడు కట్టిందాంట్లో ఐదేండ్ల దాకా పైసా చేతికి రాదు."

"వచ్చే నెల నాకు గుండె ఆపరేషన్ ఉండాది కదప్పా," అంది చెల్లెలు.

ఆయన ఫీజు వద్దన్నాడు. చేతులెత్తేసిన డాక్టర్లు కూడా అలాగే అంటారు.

ఆటోలో చెల్లెలు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "సంతకం పెట్టించుకునే పొద్దు మన చుట్టం శానా మర్యాదగా మాట్లాడినాడు కదక్కా, కాళ్ళకు గూడా మొక్కినాడు," అని మాత్రం అంది.

ముప్పై ఏళ్ళు బడిలో ప్రశ్నలు వేసి పిల్లలను హడలగొట్టినదాన్ని. "ఊరికే సలహా చెప్తే నీకు కూడెవరు పెడతారప్పా?" అని ఆ బంధువును అడగలేకపోయాను. మీరైనా అడుగుతారా, నాలాగే ఫీజు దగ్గర బేరమాడతారా?