మేనత్త తిట్లు తిన్న గబ్బిలాలు

మొన్న సాయంత్రం మా పక్కింటి కోడలు నన్ను గేటు దగ్గర ఆపి ఫోన్‌లో ఓ వీడియో చూపించింది. ఎవరో మహాతల్లి గబ్బిలాన్ని పసిపిల్లలా తువ్వాలులో చుట్టి, అరటిపండు ముక్కలు తినిపిస్తోంది. అది బుగ్గలు ఉబ్బించుకుని నములుతోంది. "ఎంత ముద్దుగున్నదో చూడుండ్రి ఆంటీ," అంది ఆ అమ్మాయి. ముద్దట! నాకు ఒళ్లు మండింది. నోరు తెరిస్తే మంచి మాట రాదని తెలుసు కాబట్టి, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. పాలు ఎప్పుడో కాచి తోడు కూడా పెట్టేశాను. ఇన్నేళ్లుగా వనపర్తిలో ఉంటున్నాను, ఇరుగుపొరుగుతో నాకు ఒక్క పేచీ లేదు. కానీ గబ్బిలం ముద్దుగా ఉందన్న మనిషితో ఇంకేం మాట్లాడతాం? మా మేనత్త బతికుంటే ఆ ఫోన్ లాక్కుని బావిలో వేసేది.

మా మేనత్తది తిమ్మాజిపేట అవతల ఓ ఊరు. ఇంటి వెనకే సపోట తోట, తోట చివర ముళ్లకంచె, కంచెకు అవతల మామ తమ్ముడి పొలం. ఆయన్ను నేను చిన్నమామ అనేదాన్ని. ఆ పొలం గట్టు మీద ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. దాని మీద ఆకులెన్నో గబ్బిలాలు అన్ని. పగలంతా తలకిందులుగా వేలాడుతూ ఒకదాన్నొకటి తన్నుకుంటూ కీచుమని కొట్లాడుకునేవి. పొద్దుగూకగానే గుంపుగా లేచి కంచె దాటి మా అత్త తోట మీద పడేవి. పండును తిన్నా బాగుండు. నమిలి రసం మింగి, పిప్పిని ఉండ చేసి కింద ఉమ్మేసేవి. తెల్లారి తోటలోకి వెళితే కాళ్ల కింద ఆ పిప్పి ఉండలూ, సగం కొరికిన కాయలూ, ముక్కు బద్దలయ్యే కంపూ. అత్త డబ్బాలు కట్టింది, పాత క్యాసెట్ల రీలు కొమ్మలకు చుట్టింది, టపాకాయలు కాల్చింది. నాలుగు రోజులు బెదిరి అయిదో రోజు డబ్బా మీదే రెట్ట వేసి పోయేవి.

చెట్టు కొట్టించమని అత్త మరిదిని అడిగింది. ఆయన చేతులెత్తేశాడు. "గబ్బిలాలు చెట్టిడిస్తే ఇంట్ల లచ్చిమి ఇడిసినట్టే వదినె. మా నాయన జెప్పిండు," అన్నాడు. "మీ లచ్చిమి నా తోట దిని బలుస్తున్నది," అంది అత్త. అంతే, ఆ రోజుతో వదినా మరుదులకు మాటలు బందు. అన్నదమ్ములిద్దరూ మాత్రం చాటుగా చాయ్ దుకాణంలో కలుసుకునేవారు. అది అత్తకూ తెలుసు, తెలియనట్టు ఉండేది. ఎవరితో పగ పట్టాలో, ఎంత పట్టాలో ఆమెకో కొలత ఉండేది.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు ఒక వేసవి సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. మామకు అప్పటికి ఆయాసం ముదిరిపోయింది. అక్కడి వాళ్లు దాన్ని దమ్ము అంటారు. వనపర్తి దవాఖానలో మందులు రాశారు, వాడుతున్నారు. అయినా పడుకుంటే ఊపిరి ఆడక, మంచం మీద మోకాళ్ల మీదికి వంగి కూర్చునే తెల్లవార్లూ గడిపేవాడు. గబ్బిలం మాంసం తింటే దమ్ము పోతుందని ఆ ఊళ్లో గట్టి నమ్మకం. దానికో కట్టుబాటు కూడా ఉంది. చెట్టుగలాయన తన చేతులతో, మనసు పెట్టి ఇచ్చిన జీవి అయితేనే మందుగా పనిచేస్తుంది. దొంగతనంగా పట్టినా, కొన్నా అది వట్టి కూరే. అంటే మా అత్త ఏ మనిషి మొహం చూడనని ఒట్టు పెట్టుకుందో, ఆ మనిషి గడప తొక్కి, ఏ జీవిని చూస్తే అసహ్యమో దాన్నే చెయ్యి చాచి అడగాలి. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, మా అత్త ఎంత!

వెళ్లింది. నన్నూ వెంట తీసుకెళ్లింది. చిన్నమామ అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. అత్త ఆయన వైపు చూడకుండా వాకిట్లో కట్టేసిన ఎద్దు ముందు నిలబడింది. "ఓ బసవన్నా, మీ ఆసామికి జెప్పు. పెద్దాయన కూసునే తెల్లార్తుండు. చెట్టుమీది జీవినొకదాన్ని ఇస్తడా, ఇయ్యడా అడుగు."

చిన్నమామ తల ఎత్తలేదు. ఆయనా ఎద్దుతోనే మాట్లాడాడు. "ఒకదాన్ని ముడితే గుంపంత లేసిపోతదంటరు బసవన్నా. లచ్చిమి పోతది."

"లచ్చిమి పోతే మల్ల వస్తది. అన్న పోతే వస్తడా?"

ఎద్దు ఇద్దరి మధ్యా నిలబడి నెమరు వేస్తూనే ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నమామ పేనుతున్న తాడు కింద పెట్టి అత్త మొహం చూశాడు. "రేపు పొద్దుగాల తెస్త వదినె. నువ్వు పో," అన్నాడు.

అన్నమాట ప్రకారం మర్నాడు వలతో పట్టి గంప కింద మూసి తెచ్చాడు. "నా చేతులతోని ఇస్తున్న," అని అత్త ముందు పెట్టి, అన్న వైపు చూడలేక వెంటనే వెళ్లిపోయాడు. దాన్ని కోసిపెట్టే మనిషి మధ్యాహ్నానికి వస్తానన్నాడు. అందాకా గంపకు నేనే కాపలా. వేపచెట్టు నీడలో మామ మంచం, మంచం ముందు ఆ గంప.

గబ్బిలాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. మూతి నక్కది, చెవులు మొనదేలి ఉన్నాయి, కళ్లు పెద్దవి. మెడ చుట్టూ ఎండిన జొన్నచొప్ప రంగు బొచ్చు, మిగతా ఒళ్లంతా నలుపు. తోక లేనే లేదు. రెక్క విప్పితే వేళ్ల మధ్య సాగదీసిన పాత గొడుగు బట్ట. రెండు రెక్కలూ చాస్తే నా చేతులు చాచినంత వెడల్పు ఉంటుంది. రెక్క మలుపులో బొటనవేలికి కొక్కెంలాంటి గోరు. గంప అల్లికను కాలిగోళ్లతో పట్టుకుని లోపలే తలకిందులుగా వేలాడింది. కాసేపటికి ఆ బొటనవేళ్లతో పట్టుకుని తల పైకి తిప్పుకుని ఉచ్చ పోసుకుని, మళ్లీ తలకిందులైంది. తన మీద తాను పోసుకోకూడదన్నంత తెలివి మాత్రం ఉంది దానికి, పక్కవాడి తోట విషయంలోనే లేదు. నాకు కొంచెం కూడా జాలి కలగలేదు. ఎప్పుడు మధ్యాహ్నం అవుతుందా అనే చూశాను.

ఎండ ముదిరింది. గబ్బిలం నోరు తెరిచి వగర్చడం మొదలుపెట్టింది. రెక్కతో విసురుకుంటోంది, ఎదురొమ్ము నాకి తడి చేసుకుంటోంది. మామ మంచం మీద ముందుకు వంగి దాన్నే చూస్తున్నాడు. ఆయన ఎగపోతా, దాని ఎగపోతా రెండూ వినపడుతున్నాయి. "చూసినవా బిడ్డా, దాని పక్కలెట్ల కొట్టుకుంటున్నయో," అన్నాడు. "నాకియ్యనీకి దానికాడ దమ్మేడున్నది? దానికే సాలుతలేదు." నేను వద్దు మామా అనేలోపే లేచి గంప ఎత్తేశాడు.

ఎగిరిపోతుందనుకున్నాను. పోలేదు. దభీమని నేల మీద పడింది. ఆ జాతి నేల మీది నుంచి రెక్క కొట్టి లేవలేదని అప్పుడే తెలిసింది. ఎత్తుకు ఎక్కి అక్కడి నుంచి దూకితేనే గాలి అందుతుంది. మోచేతుల మీద దేక్కుంటూ, నిలువుగా ఉన్న దాని కోసం వెతికింది. అందరికంటే దగ్గరగా నిలువుగా ఉన్నది మామే. కొక్కెం గోళ్లు ధోవతికి తగిలించి పాకడం మొదలుపెట్టింది. అత్త వంటింట్లోంచి చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చీపురు ఎత్తింది కానీ దించలేకపోయింది. కొడితే మొగుడికి తగులుతుంది. మామ దిమ్మెలా నిలబడి, "కొట్టకు," అన్నాడు. మోకాలు, నడుము, రొమ్ము. భుజం ఎక్కి ఆగింది. ఆ నక్క మూతీ ఆయన చెంపా తాకుతున్నాయి. అప్పుడు దూకింది. నేలను రాసుకోబోయి లేచి, కంచె దాటి చింతచెట్టు వైపు వెళ్లిపోయింది.

అత్త చీపురు విసిరికొట్టింది. "నీ పానం నీకొద్దయితే పాయె," అని అరిచింది మొగుడి మీద, "నాకు గావాలె గదా!" అని నేల మీద కూలబడి ఏడ్చింది. మామ ఆమె పక్కన కూర్చోబోయి, ఆయాసానికి కూర్చోలేక మంచం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ మాంసంతో దమ్ము పోదని డాక్టరు ముందే చెప్పాడు. నాకూ తెలుసు. అయినా ఆ రోజు నేను అత్త పక్షమే, ఈ రోజుకీ అత్త పక్షమే.

ఆ చలికాలం మామ పోయాడు. కర్మలన్నీ అయ్యాక చిన్నమామ ఇద్దరు మనుషుల్ని గొడ్డళ్లతో వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "చెట్టు కొట్టిస్త వదినె. నాకే లచ్చిమీ వద్దు," అన్నాడు. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఇన్నేళ్లుగా అత్త కోరింది అదే కదా, సరే అంటుందనుకున్నాను.

అత్త చెట్టు వైపు చూసింది. "కొట్టకు," అంది. "అండ్ల ఒకటి మీ అన్న మీదికెల్లి ఎక్కి పోయింది. అదేదో నాకు గుర్తువట్ట రాదు. గందుకే అన్నిట్ని తిడుత. ఉండనియ్యి."

తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా చూశాను. పొద్దుగూకే వేళకు కంచె దగ్గర నిలబడి, చివరి గబ్బిలం లేచిపోయేదాకా నోరారా తిట్టేది. అవతల గట్టు మీద చిన్నమామ కూర్చుని వినేవాడు. కాలం పగను అరగదీస్తుందంటారు. మా అత్త దగ్గర కాలానికి ఆ పని చేతకాలేదు. మామ లేని అన్ని సాయంత్రాలూ ఆమెను మంచం మీది నుంచి లేపి కంచె దాకా నడిపించింది ఆ పగే.