చాలు అన్నందుకు

మా అత్తగారు స్నానం చేసి వణుకుతూ బయటికి వచ్చినప్పుడల్లా నా కడుపు చల్లబడేది. సిగ్గుపడకుండానే చెబుతున్నాను.

ఢిల్లీ జనక్‌పురిలో మా ఫ్లాటు. నేను ఆస్పత్రిలో నర్సుని. నాకు పొద్దుటి డ్యూటీ ఉంటే రెండేళ్ళ మా పాపకి నీళ్ళు పోసేది మా పనిమనిషి దీదీ. ఆ రోజు నేను డ్యూటీకి తయారవుతుంటే, ఆమె పాపని టబ్బులో కూర్చోబెట్టి కుళాయిలు రెండూ కొద్దిగా తిప్పింది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు నీళ్ళు సరిపోయాయనుకుని, "చాలు, చాలు" అన్నారు. కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలైనా ఆవిడకి హిందీ రాదు, దీదీకి తెలుగు రాదు. హిందీలో చాలూ అంటే ఆన్ చెయ్యమని. వేణ్ణీళ్ళు ఇంకా వదలమన్నారనుకుని దీదీ ఆ కుళాయిని పూర్తిగా తిప్పేసింది. గీజరు వేడి చివరంటా పెట్టి ఉంది.

పాప ఎడమ పాదం కందిపోయి బొబ్బలెక్కింది. ఒళ్ళంతా శాలువా చుట్టి, పాదాన్ని చన్నీళ్ళ కుళాయి కింద ఇరవై నిమిషాలు పట్టుకు కూర్చున్నాను. అత్తగారు టూత్‌పేస్టు తెచ్చారు. లాక్కుని హాల్లోకి విసిరేశాను.

"మాతాజీ నే హీ బోలా థా, చాలూ" అంటూ, చెప్పింది అత్తగారేనని దీదీ ఏడ్చింది.

సాయంత్రం అత్తగారు కొడుకుతో, "తల్లి డ్యూటీలంటూ తిరుగుతుంటే పిల్లకిలాగే అవుద్ది" అన్నారు. అప్పుడు నేను పక్కగదిలోనే యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నానని ఆవిడకి తెలుసు. అక్కడ మొదలైంది నా కసి.

దీదీని మాన్పించమన్నారు అత్తగారు. మాన్పించలేదు. ముందు చన్నీళ్ళు, తరవాతే వేణ్ణీళ్ళు, కుళాయిలు కట్టేసి మోచేయి ముంచి చూశాకే పాపని దించాలని అత్తగారి ఎదురుగానే ఆమెకి నేర్పాను. ఆవిడ చేత కూడా మోచేయి ముంచించాను, మూడుసార్లు.

తరవాత గీజరు నాబ్‌ని గోరువెచ్చటి దగ్గరకి తిప్పి, పీకి దాచేశాను. పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే గాని మోకాళ్ళు కదలవు ఆవిడకి. ఢిల్లీ జనవరి మరి. అడిగినప్పుడల్లా ఎంతో వినయంగా "పాప కోసం అత్తయ్యా" అనేదాన్ని.

పాప పాదం మానింది. నెలాఖర్లో ఒక పొద్దున్న ఆవిడ తల తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"కాత్త వేడి పెంచమ్మాయ్. కీళ్ళు పట్టేత్తన్నాయి."

"పాప కోసం అత్తయ్యా."

"డ్యూటీకి టైమైపోతందని పాప కాలు కాలిన ముందురోజు గీజరు నాబ్‌ని చివరిదాకా తిప్పింది నువ్వేగా. నేను చూశాను. మావోడికి చెప్పానా?"

చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఈ రోజు వరకూ. నా డ్యూటీల గురించి ఆవిడ అన్న మాటని ఎప్పుడో మరిచిపోదును. చెప్పకుండా దాచిన ఆ ఒక్కమాటకే ఆవిడని క్షమించలేకపోతున్నాను.