మేసా వెర్డేకి దూరపు దారి

మా అమ్మాయి ప్రశాంతి పోయిన చలికాలంలో జబ్బు చేసి చనిపోయింది. అంతకుముందు ఒకసారి నాతో, "అమ్మా, నువ్వు మనింటి గోడలకి మట్టి మెత్తేదానివి కదా. కొలరాడోలో కొండచరియ కింద వందల ఏళ్ళనాటి ఇళ్ళున్నాయి, మెత్తినవాళ్ళ వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయట. నీకు చూపిస్తా" అంది. ఆ చోటు పేరు మేసా వెర్డే. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అల్లుడు కిరణ్, నేను ఒకే ఇంట్లో ఉంటున్నా, అమ్మాయి పేరు మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. "తిన్నారా అత్తయ్యా?" "తిన్నాను బాబూ." అంతే మాటలు. ఆ ఇళ్ళు చూసొద్దామని నేనే అడిగాను.

విమానం ఏ ఊళ్ళో దిగాలన్నది మొదటి ప్రశ్న. డురాంగోలో దిగితే కారులో గంట పైచిలుకు, కానీ టికెట్ ధర ఎక్కువ. ఆల్బకర్కీకి చవక, తర్వాత నాలుగున్నర గంటల ప్రయాణం. "మీ మోకాళ్ళకి డురాంగోనే బెటర్ అత్తయ్యా, బుక్ చేసేస్తా" అన్నాడు కిరణ్. నేను ఆల్బకర్కీయే అన్నాను. కారులో అయితే గదిలోకెళ్ళి తలుపేసుకోలేడు కదా.

మధ్యాహ్నానికి అద్దె కారు తీసుకుని 550 నంబరు రోడ్డెక్కాం. ఎర్రమట్టి, ఖాళీ ఆకాశం. క్యూబా అనే చిన్న ఊళ్ళో పెట్రోలు కోసం ఆగినప్పుడు పులిహోర డబ్బా విప్పాను.

"పులుపు తగ్గింది అత్తయ్యా."

"మీ ఆవిడ చేసేదానికన్నా నయంలే." నోరు జారాను.

అతని చేతిలో చెంచా ఆగింది. అంతలోనే నవ్వాడు. "ప్రశాంతి చేసేది పులిహోరా? పసుపన్నం! ఇంగువేశావా అంటే నామీదే లేచేది." నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మేసా వెర్డే దగ్గరి ఊరు కార్టెజ్‌లో మోటెల్ చేరేదాకా ఇద్దరం దానిమీద చాడీలే చెప్పుకున్నాం.

మర్నాడు పొద్దున మేసా వెర్డేలో, దారి చూపించే పార్కు రేంజర్ వెంట కొండ దిగాం. ఈ టూర్‌కి టికెట్ ముందే కొనుక్కోవాలి. ఎత్తు మెట్లు, నిచ్చెనలు ఉంటాయి. "నేను వెనకే ఉన్నా, ఎక్కండి" అంటూ కిరణ్ నన్ను ఎక్కించాడు. గోడమీద నిజంగానే వేళ్ళ గుర్తులు. నా చెయ్యి ముందుకెళ్ళిపోయింది.

"ముట్టుకోకూడదట అత్తయ్యా. మీరూ ఇలాగే మెత్తేవారా?"

"ఇలాగే. ఆరకముందే అదొచ్చి చెయ్యి పెట్టేసేది."

"ప్రశాంతి పెట్టకుండా ఉంటుందా!"

బిడ్డ చూపిస్తానన్న గోడ అల్లుడు చూపించాడు. దగ్గరి ఊళ్ళో దిగుంటే ఆ గోడ ముందు ఇద్దరం మూగవాళ్ళలా నిలబడేవాళ్ళం. మీకూ పక్క మనిషితో మాట ఆగిపోయి ఉంటే ఆల్బకర్కీలోనే దిగండి. తిండి ఇంటినుంచే తీసుకెళ్ళండి.