అత్తమ్మ భుజం మీద గడ్డ

మా మేనత్త పోయిన గురువారం కన్నుమూసింది. గడ్డతో కాదు, గుండెతో. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది చెప్పులు విప్పకముందే "ఆ గడ్డేనా?" అని అడుగుతున్నారు. కాదు. ఆ గడ్డ పాపం ఎవరి జోలికీ పోలేదు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

పుప్పాలగూడలో ఆమెను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆమె కుడి భుజం వెనకాల ఒక కొవ్వు గడ్డ ఉండేది. నిమ్మకాయంత మొదలై, ఏళ్లు గడిచేసరికి బత్తాయంత అయింది. నొప్పి లేదు. నొక్కితే మెత్తగా చర్మం కింద జారేది. జాకెట్లు కుట్టే ఆయన కుడి భుజం దగ్గర గుడ్డ కాస్త వదులు పెట్టడానికి అలవాటు పడిపోయాడు. ఇక మెడ చుట్టూ ఆవాలు చల్లినట్టు ఉలిపిర్లు. నేనేమో హైటెక్ సిటీ దగ్గర ఒక చర్మం క్లినిక్‌లో నర్సుని. మత్తు క్రీము రాసి, కరెంటు సూదితో ఇలా తాకిస్తే ఉలిపిరి రాలిపోతుంది. పొద్దంతా మా పని అదే. ఊళ్లోవాళ్ల మెడలన్నీ నున్నగా చేసి పంపి, ఇంటికొస్తే ఎదుటి ఫ్లాటులో మా అత్తమ్మ మెడ! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఒక్కనాడూ గెలవలేదు.

పైగా ఆమెది సొంత వైద్యం. ఉలిపిరి మొదలు చుట్టూ తలవెంట్రుక బిగించి కట్టేది. ఆదివారం వస్తే చాలు, మా అపార్టుమెంట్లో ఊడ్చే ఆడవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆమె గుమ్మం ముందు మెడలు వంచుకుని కూర్చునేవారు. కొందరికి నిజంగానే రాలిపోయేవి. అదే వచ్చిన చిక్కు. రాలనివాళ్లకు వాచి, చీము పట్టి, సోమవారం మా క్లినిక్‌కే వచ్చేవారు. "ఎవరు కట్టారండీ ఇది?" అని మా డాక్టరుగారు అడిగితే, "మా అపార్టుమెంట్లో ఒకావిడండి" అనేవారు. నేను దూది వెతుక్కుంటున్నట్టు అటు తిరిగేదాన్ని.

"గిట్ల కట్టకు అత్తమ్మా, చీము పడుతున్నది" అంటే ఆమె జవాబు సిద్ధంగా ఉండేది.

"నువ్వు కాల్చి రాలగొడ్తవు, నేను కట్టి రాలగొడ్త. నీకు జీతమిస్తరు, నాకియ్యరు. గంతేగద."

అసలు నన్ను నర్సు చదువుకు పంపమని మా నాన్నతో పోట్లాడింది ఆమే. "పిల్ల సదువుకుంటే మనందరినీ సూస్తది తమ్మీ" అని ఆయన్ని కూర్చోబెట్టి ఒప్పించింది. ఆ మేలు నేను మరవను. ఆ చదువులో ఒక్క ముక్క కూడా ఆమె వినలేదు, అది వేరే సంగతి.

గడ్డ పెరుగుతోందని ఒకసారి ఎలాగో క్లినిక్‌కు లాక్కెళ్లాను. మా డాక్టరుగారు నొక్కి చూసి, స్కానింగ్ చేయించి, సూదితో కాస్త తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ఎంతో ఓపికగా చెప్పారు.

"ఉత్త కొవ్వు గడ్డేనమ్మా, ఏం కాదు. ఇబ్బందిగా ఉంటే మత్తు సూదేసి, చిన్న కోత పెట్టి తీసేస్తానండి. సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు. ఇబ్బంది లేకపోతే ఉండనివ్వండి. గట్టిపడినా, గబగబా పెరిగినా మాత్రం వెంటనే రండి."

ఇందులో ఆమెకు వినపడింది రెండే ముక్కలు. ఏం కాదు. గట్టిపడితే రండి.

ఇక చూడండి నా అవస్థ. ఆయన గడ్డకు చెప్పిన మాటను ఆమె ఒళ్లంతటికీ రాయించుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "ఏందత్తమ్మా గది?" అంటే, "డాక్టర్ ఏం కాదన్నడు గద." ఎడమ చెయ్యి లాగుతోందని తనే అనేది. గుండె డాక్టర్ దగ్గరికి పోదామంటే, "ఏం కాదన్నడు గద కోడలా, నీ ముందర్నే అన్నడు."

"అది గడ్డ సంగతి! గుండె సంగతి కాదు!"

"డాక్టరైనోడు మనిషిని సూస్తడా, గడ్డనొక్కదాన్నే సూస్తడా?"

ఇలాంటి మనిషితో ఎవరైనా ఏం మాట్లాడతారు? గుండె పరీక్షకు నేను చీటీ రాయించుకున్నప్పుడల్లా ఆమెకు ఒక పెళ్లో, పురుడో అడ్డం వచ్చేది. దానికి బదులు ఆమే ఒక పరీక్ష పెట్టుకుంది. రోజూ నేను డ్యూటీకి బయల్దేరేటప్పుడు గుమ్మంలో వీపు తిప్పి నిలబడేది.

"నొక్కి సూడు. మెత్తగనే ఉందా?"

"ఉంది."

"మరింకేంది ఫికర్? నడువు, బస్సు పోతది."

కోపంతో పళ్లు నూరుకుంటూనే నొక్కేదాన్ని. నొక్కకపోతే నాకూ తోచేది కాదు. గురువారం పొద్దున కూడా నొక్కాను. మెత్తగానే ఉంది. బస్సెక్కాను. క్లినిక్‌లో ఎవరి మెడకో మత్తు క్రీము రాస్తుంటే ఫోన్ వచ్చింది.

నాకింకా కోపం తగ్గలేదు. దుఃఖం దానికి అడుగున ఎక్కడో ఉంది, దాని వంతు ఇంకా రాలేదు. ఏం చెయ్యని గడ్డ మీద ఇన్నేళ్లు కాపలా కూర్చోబెట్టి, దొంగను దొడ్డిదారిన రానిచ్చిన మనిషి మీద కోపం రాదా?

ఆ సాయంత్రం మా ఆడవాళ్లం కలిసి ఆమెకు చివరి స్నానం చేయించాం. వీపు కడగడానికి పక్కకు తిప్పారు. నా చెయ్యి దానంతట అదే కుడి భుజం మీదకు పోయి, నొక్కింది.

నీళ్లు పోస్తున్న మా వదిన చెంబు ఆపి, "ఏందే, ఏం చేస్తున్నవ్?" అంది.

"మెత్తగనే ఉంది" అన్నాను.