మధ్య సీటులో బాబాయి

మా బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం అడిగినా "సరే" అంటాడు. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ కుక్కను అప్పగిస్తే సరే, నాటకశాల మేనేజరు సెలవు రోజున రమ్మంటే సరే, జుట్టు కత్తిరించే ఆయన "ఇంకొంచెం తీసెయ్యనా?" అంటే దానికీ సరే. తర్వాత నెల్లాళ్ళు టోపీ పెట్టుకుని తిరుగుతాడు. "ఈయన్ని ఎవరైనా అడగాలేగానీ నన్ను కూడా ఇచ్చేస్తాడు" అంటుంది మా పిన్ని.

ఆయన డబుల్ బేసు వాయిస్తాడు. వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది అదే, నిలబెడితే మనిషిని మించి ఉంటుంది. ఇరవై మూడేళ్ళుగా ఒకే నాటకశాలలో, వేదిక కింద వాయిద్యాలవాళ్ళు కూర్చునే గుంటలో, నీళ్ళ గొట్టం పక్క మూలలో నిలబడి వాయిస్తున్నాడు. అక్కణ్ణించి ఆయనకు వేదిక కనపడదు, ప్రేక్షకులకు ఆయన కనపడడు. బేసుకు పనిలేని చోట్ల బూటు లోపల కాలివేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ తాళం లెక్కపెట్టుకుంటాడు. ఆయన లెక్క తప్పడం ఎవరూ చూడలేదు. ఆయన కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడమూ చూడలేదు. అదే నాకు మంట.

అందుకే, దూరంగా ఉన్న ఒక నగరంలో పెద్ద ఆర్కెస్ట్రావాళ్ళు బేసు వాయించేవాళ్ళకు నాయకుడు కావాలని ప్రకటన ఇస్తే, దరఖాస్తు నేనే నింపాను. వేదిక మీద మొదటి వరస, చేతికింద ఐదుగురు. యాభై దాటితే పనికిరారు. బాబాయికి యాభై నిండడానికి ఇంకా ఏడు వారాలుంది. ఇది పోతే ఇంకోటి లేదు.

"సంతకం పెట్టు బాబాయ్" అన్నాను.

"చేతికింద ఐదుగురా?" అన్నాడు.

"ఆఁ. నువ్వు ఎలా చెప్తే వాళ్ళు అలా వాయించాలి."

కాగితం వంక చాలాసేపు చూసి, "సరే" అన్నాడు. నేను ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు చేసేశాను.

వాళ్ళ ఎదుట వాయించి చూపే పరీక్షకు రమ్మని పిలుపొచ్చింది. బేసును విమానంలో పక్కసీట్లో కూర్చోబెట్టలేం. సామాన్లతో పాటు కిందికి పంపాల్సిందే. నాటకశాల వడ్రంగి చక్రాలున్న పెద్ద పెట్టె ఒకటి ఇచ్చాడు. బేసును అందులో పడుకోబెట్టి చుట్టూ పాత దుప్పట్లు కుక్కాం. విమానాశ్రయంలో పెద్ద సామాన్ల కౌంటరులో ఉన్నావిడ పెట్టె తెరిపించి, తీగలు కాస్త వదులు చెయ్యాలంది. పెట్టెకు గట్టి పట్టీలు కూడా ఉండాలంది. నేను పట్టీలు కొనడానికి పరిగెత్తాను. అవి దొరికి తిరిగొచ్చేసరికి పావుగంట పట్టింది. బాబాయి మూత వేసేసి, దానిమీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు.

"అయిందా?"

"అయింది."

విమానంలో మా సీట్లు పక్కపక్కనే. కూర్చుని నిమిషం కాకుండానే ఇద్దరు పిల్లల తల్లి వచ్చి, కాస్త సీటు మారతారా అని ఈయన్నే అడిగింది. అన్ని సీట్లలో ఈయన మొహమే ఎలా కనపడుతుందో వాళ్ళకి! బాబాయి చిట్టచివరి వరసలో, మరుగుదొడ్డి గోడకు ఆనుకున్న మధ్య సీటులోకి పోయాడు. ఆయనసలే పొడుగు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఎడమవైపు ఆయన అప్పుడే నిద్రపోయి బాబాయి భుజం మీద తల వాల్చాడు. కుడివైపు ఆసామి తన మోచేతులతో రెండు సీట్ల చోటూ ఆక్రమించాడు.

తలుపులు మూశారు. విమానం కదల్లేదు. గంట గడిచినా అక్కడే ఉంది. గాలి వేడెక్కింది, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను బెల్టు విప్పుకుని వెనక్కి వెళ్ళి చూద్దును కదా, బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది?"

"పోస్టు పడిపోయిందమ్మా" అన్నాడు గొణుగుతూ.

బేసు పొట్టలో పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య ఒక చిన్న గుండ్రటి కర్రముక్క నిలబడి ఉంటుంది. దాన్నే పోస్టు అంటారు. జిగురు ఉండదు, మేకు ఉండదు. తీగల బిగువు పై చెక్కను నొక్కి పట్టినంతసేపే అది నిలుస్తుంది. నాలుగు తీగలూ పూర్తిగా వదిలేస్తే పడిపోతుంది. దాంతో బేసు గొంతు పోయినట్టే. మళ్ళీ నిలబెట్టాలంటే మరమ్మతు తెలిసినవాడు వంకర ఇనుపకడ్డీ లోపలికి దూర్చి పూటంతా తంటాలు పడాలి. తన దగ్గర నేర్చుకునేవాళ్ళకి బాబాయి మొదటిరోజే చెప్పే పాఠం ఇది. పరీక్ష ఆ మధ్యాహ్నం నాలుగింటికి.

"నీకెలా తెలుసు?"

"తీగలు వదులు చేసినప్పుడు లోపల టక్కుమంది. విన్నాను."

"నేను వెళ్ళాక ఆవిడ నాలుగూ పూర్తిగా వదిలెయ్యమందా? నువ్వు సరే అన్నావా?"

బాబాయి తేలుకుట్టిన దొంగలా తల దించుకుని బెల్టు సర్దుకున్నాడు. దిగిపోతామని విమాన సిబ్బందిని అడిగాను. కుదరదు, కూర్చోండి, బెల్టు పెట్టుకోండి అన్నారు. పెట్టె మా కాళ్ళకిందే ఎక్కడో ఉంది, మాకు అందదు. తలుపు ఎదురుగానే ఉంది, తెరవరు. కుడితిలో పడ్డ ఎలకల్లా అలాగే ఉండిపోయాం.

చివరికి విమానం లేచింది. వాంతికోసం ఇచ్చే కాగితం సంచి మీద, మూడు గంటలసేపు నేను ఆ కౌంటరు మనిషి మీద ఫిర్యాదు రాశాను. ఒకవైపు చాలక రెండోవైపు కూడా రాశాను. మధ్యలో తిరిగి చూస్తే బాబాయి అలాగే ఉన్నాడు. ఆయన మరుగుదొడ్డికి వెళ్ళాలని కూడా నాకు తెలుస్తూనే ఉంది. గోడ అవతలే ఉంది అది. పక్కాయన్ని నిద్రలేపాలి కదా, అందుకని వెళ్ళలేదు.

పరీక్ష జరిగే చోట కిటికీల్లేని సన్నటి నడవా, గోడవారగా కుర్చీలు. మూసిన తలుపుల వెనక ఎవరెవరో వాయించుకుంటున్నారు. పెట్టె తెరిచి బేసును లేపితే లోపల పోస్టు ఎండుకాయలో గింజలా గలగలమంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడి గుమాస్తావిడ మంచి మనిషి. "కంగారు పడకండి. మా దగ్గర ఇంకో బేసు ఉంది. మిమ్మల్ని ఆఖర్న పిలుస్తాను, ఈలోపు దానిమీద చెయ్యి కుదుర్చుకోండి" అంది.

ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. బాబాయి వంక తిరిగి చూస్తే ఆయన మొహం ఇంకా పాలిపోయి ఉంది. "సరే" అన్నాడు, వినీ వినపడకుండా.

ఆవిడ వెళ్ళాక అన్నాను. "గండం గడిచింది. ఆ కౌంటరు మనిషిని మాత్రం వదిలేది లేదు. ఉద్యోగం ఊడాలి."

"ఆవిణ్ణేమీ అనకమ్మా" అన్నాడు బాబాయి. "తీగల మరలు సగం చుట్టు తిప్పితే చాలంది ఆవిడ. మిగతాదంతా నేనే తిప్పాను."



"తెలిసి తెలిసి నువ్వే చేశావా?"

"నీకు చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇంకొకళ్ళని పట్టుకుని ఇలా వాయించు, అలా వాయించు అనడం నావల్ల కాదు. నాకు ఆ మూలే బాగుంటుంది. నువ్వేమో అందరికీ చెప్పేశావు, ఎంతో సంబరపడుతున్నావు. ఎలా వద్దంటాను? నువ్వలా వెళ్ళగానే చెయ్యి తిప్పుతూనే ఉంది, ఆగలేదు." బేసు చెక్కమీద చెయ్యి వేశాడు. "ఇరవై మూడేళ్ళు నాకు అన్నం పెట్టింది ఇది. దీన్నే పాడుచేసుకున్నాను చూడు."

ఒళ్ళు మండింది. ఆ వెంటనే సిగ్గేసింది. సిగ్గే ఎక్కువ. అంత పెద్దమనిషి నాకు ఒక్కమాట చెప్పలేక, ప్రాణంలా చూసుకునేదాని గొంతు నులిమాడు. కౌంటరు మనిషిని తిడుతూ సంచి నింపాను, అసలు ఆయన మెడ మీద కూర్చున్నదాన్ని నేను.

విసురుగా వెళ్ళి, పరీక్ష మానుకునేవాళ్ళు రాసిచ్చే కాగితం, పెన్ను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. "ఇక్కడ సంతకం పెట్టు. ఇంటికి పోదాం."

బాబాయి పెన్ను మూత తీశాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు. "ఇది కూడా నువ్వే చెబుతున్నావు" అన్నాడు. దెప్పిపొడుపు లేదు ఆ మాటలో. ఇక తనకు దారే లేదన్నట్టు అన్నాడు.

కాగితం వెనక్కి తీసేసుకున్నాను. "వాయిస్తావో మానేస్తావో నీ ఇష్టం. నేను మాట్లాడను" అని గోడవైపు తిరిగి కూర్చున్నాను. మాట్లాడకుండా ఉండడం నాకెంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆఖర్న పిలిచారు. బాబాయి లోపలికి వెళ్ళాడు. తలుపు వెనక బేసు మోగలేదు. ఆయన గొంతు వినపడింది.

"నేను వాయించనండీ."

"ఏం, ఒంట్లో బాగాలేదా?" అన్నారెవరో, ఆదరంగానే. అవునంటే సరిపోయేది. ఎవరి మనసూ నొచ్చుకునేది కాదు.

"బాగానే ఉందండీ" అన్నాడు బాబాయి. "నాకు ఈ ఉద్యోగం వద్దు."

బయటికొచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కోపంగా ఉందా?"

అబద్ధం ఆడలేకపోయాను. "ఉంది" అన్నాను.

నిన్నటిదాకా అయితే ఆ ఒక్కమాటకే వెనక్కి పరిగెత్తి వాయించి వచ్చేవాడు.

"ఉండనీలే" అన్నాడు బాబాయి. "పెట్టె ఆ చివర పట్టుకో, మెట్లున్నాయి."